తెరలో ఎడమ సగం

ఆ మెసేజీ వచ్చినప్పుడు అద్దాలక్క చేతిలో ఎవరో పెద్దాయన కళ్ళజోడు ఉంది. అద్దం అంచు అరగదీసి ఫ్రేములో సగం దాకా కూర్చోబెట్టింది. ఇంకొంచెం నొక్కితే టక్కున పడుతుంది. అక్కడ ఆపి ఫోను చూసింది.

"మీ టీవీ పరిశీలన పూర్తయింది. బయటి దెబ్బ వల్ల పాడైనట్టు తేలింది. గ్యారంటీ వర్తించదు."

రెండోసారి చదివింది. బయటి దెబ్బ అంటే? ఎవరి దెబ్బ?

కళ్ళజోళ్ళ షాపులో వెనక బల్ల దగ్గర ఆమె పని. అద్దాలు అరగదీయడం, బిగించడం, వంగిన కాడలు సరిచేయడం. పెళ్ళికి ముందు నుంచీ అదే పని కావడంతో షాపులోనే కాదు, ఇంటి దగ్గర వీధిలో కూడా అందరికీ అద్దాలక్క అయిపోయింది. కాడ విరిగిన జోడు తెచ్చి "దానంతట అదే విరిగిందమ్మా" అనేవాళ్ళని ఆమె రోజూ చూస్తుంది. మీద కూర్చున్నారో, పిల్లాడు విసిరాడో, చూడగానే తెలిసిపోతుంది. "సారీ సార్, ఇది గ్యారంటీలోకి రాదు" అని మెత్తగా చెప్పడం కూడా ఆమెకి బాగా వచ్చు. ఇప్పుడు ఆ మెత్తని మాట తన ఫోనులోకి వచ్చి కూర్చుంది.

నంబరుకి ఫోను చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"మేడం, మా మెకానిక్ వచ్చినప్పుడు మీ ఇంట్లో పెద్దావిడే చెప్పారట. తుడుస్తుంటే చెయ్యి తగిలి టీవీ పక్కకి ఒరిగిందని. అందుకే క్లోజ్ చేశారు."

"ఎవరు చెప్పారూ?"

"పెద్దావిడ మేడం. మీ అమ్మగారో, అత్తగారో."

ఫోను పెట్టేశాక అద్దాలక్క ఎదురుగా గోడకేసి చూస్తూ కూర్చుంది. కౌంటరు దగ్గర పెద్దాయన "అయిందా అమ్మా?" అని రెండుసార్లు అడిగితే గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ టీవీ కొన్నది ఆమె భర్త కోసం. ఆయన బస్సు డ్రైవరు. ఊళ్ళో సగం మందికి ఆయన అసలు పేరు తెలీదు, డ్రైవరనే పిలుస్తారు. టైరు చూద్దామని బస్సు దిగిన మనిషిని పక్కనుంచి వచ్చిన మోటారు సైకిలు గుద్దేసింది. తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. అవసరానికి తప్ప లేవకూడదు, లేచినా కర్రల మీదే, ఆ కాలు మీద బరువు ఇసుమంత కూడా పడకూడదు అని డాక్టరు ఖరాకండిగా చెప్పాడు. తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా రోడ్డు చూసిన మనిషికి ఇప్పుడు చూడ్డానికి ఇంటి కప్పు మిగిలింది. మాట తగ్గింది. ఓ సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి గోడ మీద తడి మరక, కింద సొట్టపోయిన నీళ్ళ సీసా. "చెయ్యి జారింది" అన్నాడు. మంచానికీ ఆ గోడకీ మధ్య దూరం చూస్తే, అంత దూరం జారే చెయ్యి ఎవరికీ ఉండదు.

ఆ తర్వాతి వారమే ఆమె వెళ్ళి పెద్ద టీవీ కొనుక్కొచ్చింది, మంచం మీద నుంచి కూడా అక్షరాలు కనబడేంతది. "ఇదెందుకే ఇప్పుడు" అని కసిరాడు గానీ మొదటి మ్యాచ్‌కి వీధిలోవాళ్ళు వచ్చి హాల్లో కింద కూర్చుంటే ఆయన గొంతే అందరికంటే పెద్దగా వినిపించింది. ఇంట్లో మళ్ళీ చప్పుడు వచ్చిందని ఆమె లోపల్లోపల పొంగిపోయింది.

ఆ పొంగు నెల తిరక్కుండానే చల్లారిపోయింది. ఒకరోజు పని నుంచి వచ్చేసరికి తెరలో వార్తలు చదివే మనిషికి సగం మొహమే ఉంది. ఎడమ సగం మొత్తం నల్లగా, పలక తుడిచినట్టు ఉంది.

"మధ్యాహ్నం నుంచి ఇంతే" అన్నాడు డ్రైవరు, తెరవైపు కాకుండా కిటికీవైపు చూస్తూ.

"కరెంటు ఎక్కువతక్కువ అయ్యుంటుందమ్మాయ్" అంది అత్త వంటింట్లోంచి. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

ఆయన మోచేతి దగ్గర కమిలి ఉంది. ఏమైందంటే మంచం కోడు తగిలిందన్నాడు. అప్పుడు నమ్మి, టీవీ కొన్న షాపుకి ఫిర్యాదు రాయించింది. ఇప్పుడు ఈ మెసేజీ చదివాక ఆ తడి మరకా, ఈ కమిలిన మోచెయ్యీ పక్కపక్కనే వచ్చి నిలబడ్డాయి.

టీవీ మీదకి ఏదో విసిరాడు. తల్లి అది తన నెత్తిన వేసుకుంటోంది. అంతకంటే ఏమై ఉంటుంది? ఆ ఆలోచన రాగానే ఆమెకి పోయిన టీవీ సంగతి గుర్తులేదు. తను పొద్దున తలుపు దగ్గరకేసి వెళ్ళిపోయాక సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఏం జరుగుతోంది? అరుస్తున్నాడా? ఆ ముసలి ప్రాణం మీద చెయ్యెత్తుతున్నాడా? ఇన్నేళ్ళలో ఆయన ఎవరిమీదా చెయ్యెత్తగా చూడలేదు. కానీ ఇన్నేళ్ళలో ఆయన ఇలా మంచాన పడీ చూడలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. అత్త ఉల్లిపాయలు తరుగుతోంది.

"అత్తయ్యా, టీవీకి మీ చెయ్యి తగిలిందా?"

"తగిలింది" అంది ఆవిడ తల తిప్పకుండా.

"ఎప్పుడు?"

"తుడుస్తుంటే."

"ఏ చెయ్యి?"

"ఇదిగో, ఈ చెయ్యి" అని ఎడమ చెయ్యి చూపించి, కాస్త ఆలోచించి, కత్తి కింద పెట్టి కుడి చెయ్యి చూపించింది.

అత్త అబద్ధమాడగా అద్దాలక్క ఎప్పుడూ చూడలేదు. ఎదుటివాళ్ళకి ఎంత కష్టమైనా సరే, ఉన్నమాట మొహం మీదే అనేసే మనిషి. అలవాటు లేని పని కాబట్టి బాగా రాలేదు.

"మరి ఆ రోజు కరెంటు అన్నారుగా?"

"అన్నాను. భయమేసి అన్నాను. ఇప్పుడేం, ఉరి తీస్తావా?" అని ముక్కు ఎగబీల్చింది. ఉల్లిపాయలో, ఏడుపో తెలీలేదు.

హాల్లోకి వచ్చి మొగుడి మంచం పక్కన నిలబడింది. "అత్తయ్య తనే పడేశానంటున్నారు. మీరు చూశారా?"

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "పోనీలేద్దూ. ముసల్దాన్ని పట్టుకుని ఏం అడుగుతావు. సగం కనబడుతోందిగా, చాలు."

ఆ మాటతో ఆమె అనుమానం ఇంకా బలపడింది. ఒక్క నట్టు తక్కువ బిగించాడని టైర్ల కొట్టువాడితో పూటంతా పోట్లాడిన మనిషి, కొత్త టీవీలో సగం చాలంటున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఇద్దరి వాలకం. అడగడానికి నోరు తెరిచింది. "మీరేమైనా విసిరారా?" అన్న రెండు ముక్కలు గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. అవునంటే ఆ తర్వాత ఏమనాలో ఆమెకి తెలీదు.

"రేపు సెలవు పెడతాను" అంది చివరికి. "టీవీని షాపుకే తీసుకెళ్తాను. వెనక మరల మీద దుమ్ము దుమ్ములాగే ఉంది, వాళ్ళ మెకానిక్ మూత విప్పనైనా విప్పకుండా రాసేశాడు. అత్తయ్యా, మీరూ రావాలి."

"నేనెందుకే?"

"మీరు చెప్పిన మాటే వాళ్ళు పట్టుకున్నారు కాబట్టి."

తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు తనకి కనబడలేదని వాళ్ళు అనుకున్నారు.

పొద్దున్నే చిన్న ట్రాలీ బండి మాట్లాడింది. టీవీని దుప్పట్లో చుట్టి, నిలువుగా ఆనించి, అటూ ఇటూ దిండ్లు పెట్టి, ఒక పక్క అత్త, ఒక పక్క తనూ కూర్చుని పట్టుకున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా అద్దాలక్క రెండు చేతులూ అడ్డుపెట్టేది. దార్లో నిజంగానే పగిలితే ఇంక చెప్పుకోడానికి ఏమీ ఉండదు.  బయల్దేరేముందు డ్రైవరు తలగడ దగ్గర ఫోను, చేతికందేలా నీళ్ళూ, కర్రలూ పెట్టి వచ్చింది. ఆయన్ని ఇంట్లో ఒంటరిగా వదలడం ఇదే మొదటిసారి.

పెద్దరోడ్డు మీదకి వచ్చాక సిగ్నల్ దీపాల దగ్గర బండి ఆగింది. అత్త దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"అక్కడ నన్నేమడుగుతారు?"

"నిజం చెప్పమంటారు."

"చెబితే?"

"చెబితే చెప్పినట్టు." అద్దాలక్క గొంతు తగ్గించింది. "అత్తయ్యా, ఆయన మిమ్మల్నేమైనా అంటున్నారా? నేను లేనప్పుడు?"

ఆవిడ అర్థం కానట్టు చూసింది. "ఏమనడం?"

"టీవీ మీదకి ఏం విసిరారు?"

"విసరడమేమిటే?" అత్త నిజంగానే తెల్లబోయింది. ఆ తర్వాత మొహం ముడుచుకుపోయింది. దీపం మారి బండి కదిలాక, ఆ కుదుపుల్లో, టీవీని గట్టిగా కావలించుకుని, ఆవిడ అసలు సంగతి చెప్పింది.

"వాడు నడుస్తున్నాడమ్మా. నువ్వలా వెళ్ళగానే లేస్తాడు. మొదట్లో మంచం పట్టుకుని. తర్వాత గోడ పట్టుకుని. నేను వద్దంటే ఒప్పుకుంటేనా? డిపోలో వాడి రూటుకి కొత్తవాణ్ణి వేశారట. ఈ నెలాఖరుకి రాకపోతే అతన్నే ఖాయం చేస్తారని ఎవరో ఫోనులో చెప్పారు. అప్పట్నుంచీ ఒకటే పట్టు. ఆ రోజు కర్రలు లేకుండా మంచం నుంచి టీవీ దాకా వచ్చాడు. వచ్చి, నా వైపు తిరిగి నవ్వాడు. చిన్నప్పుడు నవ్వినట్టే. అంతే, కాలు మడతబడింది. టీవీ బల్ల పట్టుకుని కూలిపోయాడు. బల్ల జరిగింది, టీవీ వెళ్ళి గోడకి ఆనింది. కిందపడలేదు. కానీ మధ్యాహ్నానికి సగం పోయింది. నీకు చెబితే చచ్చినంత ఒట్టన్నాడు."

 అద్దాలక్క మనసులో ఇప్పుడు టీవీ లేదు, షాపు లేదు. కాలు మడతబడింది అన్న మాటే ఉంది. ఎంత బరువు పడిందో, లోపల రాడ్డు ఏమైందో. ఇన్ని రోజులుగా ఆ నొప్పిని దాచుకుని, రాత్రిపూట మూలిగితే కల వచ్చిందని చెప్పాడు.

ఫోను తీసి చేసింది. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది.

"పడుకునుంటాడు" అంది అత్త.

మూడోసారీ ఎత్తలేదు. ఈలోగా బండి షాపు ముందు ఆగింది. బండి నడిపే ఆయన దిగి వెనక్కి వచ్చి, "దించమంటారా అమ్మా?" అని అడిగాడు.

ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. తిరిగి వెళ్ళిపోదామా అని క్షణంసేపు అనిపించింది. కానీ ఇంతదూరం మోసుకొచ్చాక, రేపు మళ్ళీ సెలవు దొరకదు. "దించండి" అంది. "మీరు కాసేపు ఆగాలి. తిరిగి తొందరగా వెళ్ళాలి."

షాపు లోపల గోడంతా టీవీలు. అన్నిట్లోనూ ఒకే సముద్రం, ఒకే చేప. అత్త అన్ని చేపల మధ్యా బిక్కుబిక్కుమంటూ కుర్చీ అంచున కూర్చుంది. మేనేజరు వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో టాబ్లెట్టు, మొహాన మర్యాద.

"మేడం, మీ బాధ నాకు అర్థమైంది. కానీ కంపెనీ రూల్ ప్రకారం బయటి దెబ్బకి మేమేం చేయలేం. కావాలంటే కొత్తదాని మీద కొంచెం తగ్గించి ఇప్పిస్తాను."

ఆ గొంతు ఆమెకి తెలుసు. అందులో ఎక్కడ ఎంత నూనె వేయాలో తెలుసు. రోజూ తను వేసేదే.

"నిన్న మా అత్తగారు మీ మెకానిక్‌తో చెప్పింది నిజం కాదు" అంది.

మేనేజరు నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు. "అలా మార్చి చెప్పడం అందరూ చేసేదే మేడం."

"మార్చి చెప్పడం కాదు. జరిగింది చెబుతాను వినండి. మా ఆయనకి కాలు బాగాలేదు. నడవబోయి పడ్డారు. పడేటప్పుడు టీవీ బల్ల పట్టుకున్నారు. బల్ల జరిగి టీవీ గోడకి ఆనింది. కింద పడలేదు. దేనికీ కొట్టుకోలేదు అంటున్నారు."

వెనక కుర్చీలోంచి "అమ్మాయ్" అని అత్త చిన్నగా పిలిచింది. అంతా చెప్పేస్తావేంటి అన్నట్టుంది ఆ పిలుపు.

మేనేజరు టాబ్లెట్టు మూసేశాడు. "మరి మీరే ఒప్పుకున్నారు కదా మేడం. ఇంకేముంది?"

"విప్పి చూడండి. అంతే నేనడిగేది. గోడకి ఆనినందుకే పోయిందా, వేరే ఏదైనా ఉందా, లోపల చూస్తే తెలుస్తుంది. మా వల్లే అని తేలితే ఇదే బండిలో పట్టుకెళ్ళిపోతాను. ఒక్కమాట కూడా అనను. నేనూ గ్యారంటీ ఇచ్చే చోటే పనిచేస్తాను. ఎవరైనా విరిగిన జోడు తెస్తే, వాళ్ళేం చెప్పినా సరే, భూతద్దం కింద పెట్టి చూశాకే మాట్లాడతాను. మీవాళ్ళు మూత కూడా విప్పలేదు."

"మా టెక్నీషియన్ సీనియర్ మేడం—"

"అయితే ఆయన్నే పిలవండి."

అప్పటికి షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లు ఇటు చూస్తున్నారు. మేనేజరు వాళ్ళని చూశాడు, ఫోను తీశాడు.

మెకానిక్ రావడానికి టైం పట్టింది. ఈలోగా అద్దాలక్క షాపు గుమ్మం దగ్గరికి వెళ్ళి మళ్ళీ మళ్ళీ ఫోను చేసింది. మోగడం, ఆగడం. పక్కింటివాళ్ళకి చేస్తే వాళ్ళు ఊళ్ళో లేరు. కళ్ళ ముందు నానా రకాలుగా కనబడుతోంది. బాత్‌రూము గడప దగ్గర, మంచానికీ గోడకీ మధ్య, ఫోను మోగుతుంటే చెయ్యి చాపి అందుకోలేక. వెళ్ళిపోవాలి. టీవీని ఇక్కడే వదిలేసి ఎక్కి వెళ్ళిపోవాలి. గుమ్మం దాటింది కూడా. అప్పుడే వెనకనుంచి మేనేజరు "మేడం, వచ్చాడు" అన్నాడు.

మెకానిక్ ఆమెకేసి చూడలేదు. అత్తని గుర్తుపట్టి తలదించుకున్నాడు. వెనక గదిలో పొడుగాటి బల్ల మీద టీవీని బోర్లా పడుకోబెట్టి మరలు విప్పడం మొదలుపెట్టాడు. అద్దాలక్క పక్కనే నిలబడింది.  ఇప్పుడు లోపల ఒక్క గీత కనబడితే చాలు, అంతా అయిపోయినట్టే. మొగుడు పడ్డాడన్న మాటా తనే చెప్పింది. నెత్తిన చెయ్యి తనే పెట్టుకుంది.

మూత తీశాడు. టార్చి వేసి అంచుల వెంబడి చూశాడు. ముందువైపు తిప్పి, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టి, అద్దం మొత్తం చూశాడు. మళ్ళీ వెనక్కి తిప్పి, నిలబెట్టి, కరెంటూ, బయటి టీవీల్లో బొమ్మ వచ్చే వైరూ తగిలించాడు. కింద అంచున, అద్దానికి అతికించి ఉన్న సన్నటి రిబ్బన్ లాంటి పట్టీలు వరసగా ఉన్నాయి. ఒక చోట ఆగాడు. ఎడంచేత్తో చిన్న అద్దం తెర ముందుకి చాపి, అందులో చూస్తూ, కుడి బొటనవేలితో ఆ పట్టీని నొక్కాడు.

అద్దంలో చేప కనబడింది. మొత్తం చేప, తోకతో సహా. వేలు తీసేశాడు. సగం పోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వచ్చింది.

"దెబ్బ కాదు సార్" అన్నాడు మేనేజరుతో. "పట్టీ ఊడిపోయింది. అతుకు సరిగ్గా పడలేదు, వేడికి లేచింది. ఇక్కడ జిగురు రంగు మారింది చూడండి."

"గోడకి ఆనినప్పుడు ఊడి ఉండొచ్చుగా?" అన్నాడు మేనేజరు.

మెకానిక్ ఆ పట్టీనే టార్చి వేసి ఇంకోసారి చూశాడు.  ఇతను నిన్న రాసిన మాట ఇతనే కాదనుకోవాలి.

"ఇది ఊడేంత దెబ్బ తగిలితే ముందు అద్దం పగుల్తుంది సార్. అద్దం మీద గీత లేదు. నిన్న..." అని ఆగి అత్తవైపు తిరిగాడు. "నిన్న మామ్మగారు చెయ్యి తగిలిందనేసరికి నేను విప్పలేదు. ఇంకా చాలా ఇళ్ళకి వెళ్ళాల్సి ఉంది. విప్పాల్సింది."

"నేను చెప్పకపోతే బాగుండేది నాయనా" అంది అత్త.

మేనేజరు బయటికి వెళ్ళి ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చాడు. ఇప్పుడు గొంతులో నూనె తగ్గింది. "సరే మేడం. తప్పు మాదే. రిపేరు చేయమంటారా, అదే మోడల్ కొత్తది ఇమ్మంటారా, డబ్బు వాపసు తీసుకుంటారా? మీ ఇష్టం."

ఏ మాట కోసం నిన్నట్నుంచీ నిద్రాహారాలు మానుకుందో ఆ మాట వచ్చింది. ఆమె మాత్రం ఫోను చెవికి పెట్టుకుని ఉంది. మోగుతోంది. ఎవరూ ఎత్తట్లేదు.

"ఏదో ఒకటి చేయండి" అంది. "నేను వెళ్ళాలి."

"ఏదో ఒకటేమిటి?" అత్త కుర్చీలోంచి లేచింది. పొద్దుట్నుంచీ వణికిన మనిషి ఇదేనా అన్నట్టు కొంగు సర్దుకుంది. "చూడు బాబూ. కొత్తది ఇవ్వండి. ఇంటికి తెచ్చి, పెట్టి, ఆన్ చేసి, మేం చూశాక మీ మనిషి కదలాలి. ఈసారి బల్ల మీద వద్దు, గోడకి గట్టిగా బిగించాలి. ఇప్పుడు చెప్పిన మాట నీ పలకలో రాసి నాకు చదివి వినిపించు."

మేనేజరు రాసి చదివి వినిపించాడు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరి మధ్యా ఖాళీ దుప్పటి ఉంది. బండి ఎంత తోలినా ఆమెకి నడిచినట్టే ఉంది. అత్త పెదాలు కదులుతున్నాయి, పైకి ఏమీ వినబడట్లేదు. ఇల్లు రాగానే అద్దాలక్క బండి ఆగకముందే దూకింది. తలుపు దగ్గరకేసి ఉంది. మంచం ఖాళీ. తలగడ మీద ఫోను, దాన్లో తన పేరు వరసగా. కర్రలు లేవు. బాత్‌రూము తలుపు తోసింది. వంటిల్లు, వెనక వసారా. ఎక్కడా లేడు.

"ఏమండీ" అని పిలిచింది. ఆ పిలుపు తనకే వింతగా వినబడింది.

వీధిలోకి వచ్చి అటూ ఇటూ చూసింది. బండాయన చెయ్యెత్తి చూపించాడు. "అదిగో అమ్మా, మూల మీద ఎవరో కూర్చున్నారు."

వీధి అవతలి చివర, మూసి ఉన్న మంగలి షాపు మెట్టు మీద డ్రైవరు కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండు కర్రలూ ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. మొహం నిండా చెమట. ఆమెని చూసి లేవబోయి, లేవలేక కూర్చుండిపోయాడు.

"ఎక్కడికి?" అంది.  

"షాపుకి."

"ఏ షాపుకి?"

"టీవీ షాపుకి." నేలకేసి చూస్తూ అన్నాడు. "మీరు వెళ్ళాక ఉండబట్టలేదు. అమ్మ నిలబడి నలుగుర్లో అబద్ధం చెబుతుందే అనుకుంటే... నేనే వెళ్ళి, పడేసింది నేనని చెప్పేద్దామనుకున్నాను. మూల దాకా వెళ్తే ఆటో దొరుకుతుంది కదా అని. ఇక్కడిదాకా వచ్చాక కాలు మొరాయించింది. ఫోనేమో మర్చిపోయాను."

అద్దాలక్క ఆయన పక్కన మెట్టు మీద కూలబడింది.  భయం దిగిపోయే చోట కోపం వచ్చి కూర్చుంటోంది.

"మీ వల్ల పోలేదు అది. వాళ్ళ అతుకే ఊడింది. కొత్తది ఇస్తామన్నారు."

డ్రైవరు తలెత్తాడు. "నిజంగానా?"

"అంతా చెప్పాను అక్కడ. మీరు పడ్డారని కూడా. ముక్కూమొహం తెలియని మేనేజరుకి చెప్పాను, నా మొగుడు నడవబోయి పడ్డాడని. ఆ సంగతి నాకు తెలిసి గంట కూడా కాలేదు అప్పటికి."

ఆయన ఒళ్ళోని కర్రలు సర్దుకున్నాడు.

"నేనేమనుకున్నానో తెలుసా? మీరు అత్తయ్యని కొడుతున్నారేమో అనుకున్నాను. టీవీ మీదకి ఏదో విసిరారనుకున్నాను. నిన్న రాత్రంతా మీ పక్కన పడుకుని మీకు భయపడ్డాను." అప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకి.

"రూటు పోతుందే" అన్నాడాయన. "ఆ రూటు పోతే నేనింక ఆ మంచం మీదే."

"ఈ కాలు పోతే?"

 ఆయన కాలిని చేత్తో రాసుకున్నాడు. నొప్పిగా ఉందా అని అడిగితే ఈసారి "ఉంది" అన్నాడు. "ఆ రోజు నుంచీ ఉంది. పక్కకి తిరిగితే సూది గుచ్చినట్టుంటుంది."

ఆమె లేచి బండాయన్ని పిలిచింది. టీవీకి వేసిన దిండ్లే వేసి, ఇద్దరూ చెరోపక్కా పట్టి, డ్రైవరుని ఎక్కించారు. అత్త కాలు కింద దుప్పటి మడతపెట్టి పెట్టింది. బస్సు నడిపే మనిషి ట్రాలీ వెనక సరుకులా కూర్చోవాల్సి వచ్చినందుకు ఒకసారి మొహం చిట్లించి, బండాయనతో "గతుకులు చూసుకో తమ్ముడూ, ఆ మలుపులో బ్రేకు ముందే వెయ్" అన్నాడు. ఎవరూ నవ్వలేదు గానీ అద్దాలక్కకి కాస్త ఊపిరాడింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఫిల్ము వచ్చేదాకా ముగ్గురూ గోడవారగా బెంచీ మీద కూర్చున్నారు. డాక్టరు పిలిచి, ఫిల్ముని వెలుతురుకి పెట్టి, చాలాసేపు చూశాడు. 

"ఈ కాలు మీద బరువు వేశారు. ఎన్నాళ్ళ నుంచి నడుస్తున్నారు?" అని అడిగాడు డాక్టరు.

అత్త నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో గానీ, అద్దాలక్క ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. ఆవిడ నోరు మూసుకుంది.

"మూడు వారాలు దాటింది సార్" అన్నాడు డ్రైవరు. "ఒకసారి పడ్డాను. ఇవాళ వీధి చివర దాకా నడిచాను."

డాక్టరు తిట్టాడు. మామూలుగా తిట్టలేదు. రాడ్డు కదల్లేదట, అది అదృష్టం. కానీ అతుక్కుంటున్న చోట మళ్ళీ సందు వచ్చింది. ఇంకో రెండు నెలలు అలాగే ఉండాలన్నాడు. ఈ నెలాఖరు మాట అక్కడితో తేలిపోయింది. డ్రైవరు తల ఊపుతూ విన్నాడు. బయటికి వచ్చాక, వరండాలో కూర్చుని, డిపో మేనేజరుకి ఫోను చేసి తనే చెప్పాడు, రెండు నెలల దాకా రాలేనని. అవతల ఏమన్నారో వీళ్ళకి వినబడలేదు. "సరే సార్. ఏ రూటైనా సరే సార్" అని పెట్టేశాడు.

పాత రూటు కొత్తవాడికే ఖాయమైంది. డ్రైవరుకి మాత్రం, కాలు బాగయ్యాక, ఊరి చివరి కాలనీకి వెళ్ళే పొట్టి రూటు ఇస్తామన్నారు. అందులో ఎక్కేదంతా స్కూలు పిల్లలూ, ముసలివాళ్ళూనట. ఆ మాట విని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు ఆ రోడ్డులో స్పీడ్ బ్రేకర్లు ఎన్నున్నాయో కనుక్కోవడం మొదలుపెట్టాడు.

టీవీ వారంలో వచ్చింది. మెకానిక్ తనే వచ్చి, గోడకి బిగించి, అత్త చెప్పిన చోట కాకుండా పక్కన మేకు కొట్టబోయి చీవాట్లు తిని, సరిగ్గా కొట్టి వెళ్ళాడు. అద్దాలక్క అప్పటికి పనిలోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఇంటినుంచి ఫోను వస్తే ఆమె చేతిలో అద్దం జారి కింద పడబోయింది. మొదటి మోతకే ఎత్తి "ఏమైంది?" అంది.

"ఏం కాలేదు" అన్నాడు డ్రైవరు. "పడుకునే ఉన్నాను. నువ్వు కంగారుపడుతుంటావని చేశాను."

అవతల టీవీ చప్పుడు, అత్త ఎవరితోనో గొడవపడుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. ఆమె ఇంకాసేపు ఫోను పెట్టెయ్యకుండా అలాగే వింటూ నిలబడింది.